గంజాతూన్ పాలు

గంజాతూన్‌కి కోపం వస్తే నోరు పెగిలేది కాదు. అల్లుతున్న ఆకుచాప పక్కన పడేసి, నీళ్ళ బిందె చంకనెత్తుకుని వాగు వైపు నడిచేది. బిందె నిండుగా ఉన్నా సరే, నడిచేది. నాకు అలా చేతకాదు. నాకు కోపం వచ్చిందంటే మూడిళ్ళ అవతలికి తెలియాల్సిందే. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే మట్టిగోడ, నడుం ఎత్తు కూడా ఉండదు. ఆ గోడకి ఇటు నా అరుపులు, అటు ఆమె మౌనం. ఏళ్ళకేళ్ళు అలా గడిచిపోయాయి.

ఆమె జిక్రీ, నేను నమాజీని. ఒకప్పుడు మా మక్రాన్‌లో ఇది పెద్ద మాట కాదు. ఒకే ఇంట్లో అన్న నమాజుకు నిలబడేవాడు, తమ్ముడు దేవుడి పేరు జపించే జిక్రుకి వెళ్ళేవాడు, అన్నాల వేళకి ఇద్దరి చేతులూ ఒకే పళ్ళెంలో ఉండేవి. పండగ రోజుల్లో జిక్రీలు వలయంగా తిరుగుతూ పాడేవాళ్ళు. మధ్యలో నిలబడి పాట ఎత్తుకునేది గంజాతూనే. రోజంతా మాట లేని మనిషికి అంత గొంతు ఎక్కణ్ణుంచి వచ్చేదో! నేను గోడ మీద గడ్డం ఆనించి వినేదాన్ని.

తర్వాత ఎవడు నేర్పాడో, ఎక్కణ్ణుంచి మోసుకొచ్చాడో, వాడి నోట్లో దుమ్ముకొట్ట, కొత్త మాటలు ఊళ్ళోకొచ్చాయి. జిక్రీల చేతి నీళ్ళు తాగకూడదట. వాళ్ళు కోసిన మేక ముట్టుకోకూడదట. వాళ్ళ ప్రార్థనల గది తలుపు ఎవరో తగలబెట్టారు. ఒక్కో ఇంటికీ తాళం పడింది. కొందరు సముద్రం ఒడ్డుకి, కొందరు కరాచీకి చేరారు. చివరికి ఊళ్ళో జిక్రీ అన్న మనిషి గంజాతూన్ ఒక్కతే మిగిలింది.

"నీ వాళ్ళంతా పోయారు, నువ్వు దేనికే ఇక్కడ పడుండటం?" అని ఒకసారి అడిగాను.

"దుర్దానా పెళ్ళయ్యాక పోతాలే," అంది.

దుర్దానా ఆమె కన్న కూతురు కాదు. నాజల్ పెద్దమ్మ మనవరాలు. నాజల్ పెద్దమ్మ అంటే మా ఊరికి గొంతు. ఆమె కొడుకు సఖీదాద్ ఇక్కడే, నిహింగ్ వాగుకి ఇవతల, పాకిస్తాన్ వైపు. కూతురు గోహర్‌ని అవతల, ఇరాన్ వైపు ఇచ్చారు. ఒక వాగుకి రెండు దేశాలేమిటో మాకెప్పుడూ బుర్రకెక్కలేదు. ఇటు పెళ్ళికి అటునుంచి వచ్చేవాళ్ళు, అటు చావుకి ఇటునుంచి వెళ్ళేవాళ్ళు. ఒకసారి జనాభా లెక్కలాయన వచ్చి "ఇంట్లో ఎంతమంది?" అంటే నాజల్ పెద్దమ్మ మస్కట్‌లో ఉన్న తమ్ముళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

"అవ్వా, ఈ కప్పు కింద పడుకునేవాళ్ళని చెప్పు చాలు," అన్నాడాయన.

"పడక ఎక్కడైతే ఏంట్రా, ఏడుపొస్తే అందరూ ఇక్కడికేగా వచ్చేది! అవతల నా కూతురు, దాని పిల్లలు... రాయవేం? చెయ్యి నొప్పా?"

ఆయన రాసుకోలేదనుకోండి. మేం నవ్వుకున్నాం. అప్పుడు నవ్వొచ్చేది.

వాగు పొంగిన ఏడాది సంగతి చెప్పాలి, అదే అన్నిటికీ మూలం. మా వాగులో ఏడాది పొడుగునా ఇసుకే ఉంటుంది, అక్కడక్కడా మడుగులు. ఆ వేసవిలో మాత్రం గాలివాన పట్టుకుని వదల్లేదు. గంజాతూన్ అప్పుడే మగపిల్లాణ్ణి కన్నది. మాలో ఆరో రోజు పేరు పెడతాం. అయిదో రోజు వాగు వచ్చింది. మొగుడు దోరా బిడ్డని చంకనేసుకుని గట్టు వైపు పరిగెత్తాడు. ఆమె వెనకే ఉంది. ఆమె గట్టెక్కింది, వాళ్ళిద్దరూ ఎక్కలేదు. ఆ బిడ్డకి పేరు కూడా లేదు.

ఊరంతా దిబ్బ మీద గుడారాల్లో పడున్నాం. అక్కడే సఖీదాద్ పెళ్ళాం దుర్దానాని కని చచ్చిపోయింది. అదే వారం గోహర్, అవతల్నుంచి తొలికాన్పుకి పుట్టింటికి వచ్చిన పిల్ల, మగబిడ్డని కన్నది. వాడే శోహాజ్. కనగానే గోహర్ జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడిపోయింది. చుక్క పాలు పడలేదు. తల్లి లేని బిడ్డ ఒకటి, పాలు లేని బిడ్డ ఒకటి, బిడ్డ లేని పాలు ఒకరివి. దేవుడి లెక్కలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దుర్దానాని గంజాతూన్ ఒళ్ళో పెట్టారు. ఊరంతా చూస్తుండగానే పాలిచ్చింది. శోహాజ్‌కి మాత్రం మేకపాలు పడుతున్నామని నాజల్ పెద్దమ్మ అందరికీ చెప్పింది. మేమూ నమ్మాం. మేకలన్నీ వాగులో కొట్టుకుపోయాయి కదా, మేకపాలు ఎక్కణ్ణుంచి వస్తాయని ఒక్కరికీ తట్టలేదు. ఎవరి ఏడుపు వాళ్ళది.

గోహర్ కోలుకుని బిడ్డని తీసుకుని అవతలికి వెళ్ళిపోయింది. దుర్దానా ఇక్కడ పెరిగింది. పేరుకి ఆ పక్క గోడ అవతలి నాజల్ పెద్దమ్మ ఇల్లు, పెరిగిందంతా గంజాతూన్ గుమ్మంలో. జడ వేసేది గంజాతూన్, జ్వరమొస్తే పక్కన కూచునేది గంజాతూన్. "అమ్మా" అని పిలిచేది. కొత్త మాటలొచ్చాక నాజల్ పెద్దమ్మ "జిక్రీ ఇంట్లో తినకే" అని కట్టడి చేస్తే, పిల్ల గోడ దూకి వచ్చి తినేసి, మూతి తుడుచుకుని వెళ్ళేది.

"మూతి తుడుచుకున్నావు గానీ, గడ్డం మీద పులుసు ఎవరు తుడుస్తారే దొంగమొహమా!" అని నేను అరిస్తే గంజాతూన్ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

శోహాజ్ ఏటా ఖర్జూరాల కోతకి తల్లితో వచ్చేవాడు. వాణ్ణి మాత్రం గంజాతూన్ గుమ్మం తొక్కనిచ్చేది కాదు నాజల్ పెద్దమ్మ. గంజాతూనే గోడ దగ్గర నిలబడి వాణ్ణి చూస్తూ ఉండేది. బిడ్డని పోగొట్టుకున్న మనిషి కదా, మగపిల్లలు కనిపిస్తే చూస్తుంది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తర్వాత కంచె వచ్చింది. వాగు గట్టు పొడుగునా ఇనుపముళ్ళ కంచె, మధ్యలో ఒక్క గేటు. కాగితాలు చూపించి, ఎండలో పడిగాపులు పడి, తిట్లు తిని దాటాలి. పోయిన రంజాన్‌కి ముందు, పండగ వెళ్ళగానే ఆ గేటు కూడా మూసేస్తారని తెలిసింది. నాజల్ పెద్దమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు లేచి పెళ్ళి మాట ఎత్తింది. దుర్దానాని శోహాజ్‌కి ఇవ్వాలి. మేనత్త కొడుకు, ఈడూ జోడూ. ఇద్దరికీ పందొమ్మిదేళ్ళు.

"గేటు మూస్తే మూసుకోమను. మేనరికం చేశామంటే ఆ ఇంట్లో మన మనిషి ఉంటుంది. సంబంధం ఎలా తెగుతుందో నేనూ చూస్తాను!" అంది.

దుర్దానాకి వాడంటే ఇష్టమే. వాడి పేరెత్తితే పని లేకపోయినా లోపలికి పోయేది. పెళ్ళిబట్టలు కుట్టే పని నాకిచ్చారు. గౌను ముందువైపు జేబు మీద ఎర్రదారంతో కుట్టుపని మొదలుపెట్టాను. ఆ సాయంత్రం గంజాతూన్ నిండు బిందె ఎత్తుకుని వాగుకి పోవడం చూశాను. చాలాసేపటికి తిరిగొచ్చి, నా ఎదురుగా చతికిలబడింది.

"లాల్‌బీబీ, ఈ పెళ్ళి జరగకూడదు."

"ఏం, పిల్లాడికేం తక్కువ? కన్ను వంకరా, కాలు వంకరా?"

"ఇద్దరూ నా పాలే తాగారు."

సూది వేల్లో దిగింది. "ఇద్దరూ ఏంటే? వాడికి మేకపాలు..." అంటూనే ఆగిపోయాను. ఆ మేకలు అప్పుడు గుర్తొచ్చాయి నాకు, ఇన్నేళ్ళ తర్వాత!

"రోజూ తెల్లారకముందే చాదర్ కింద దాచి తెచ్చేది నాజల్ అక్క. కుడివైపు వాడు, ఎడమవైపు ఇది. గోహర్ అత్తింటివాళ్ళు మౌల్వీలు, జిక్రీ పాలు తాగాడని తెలిస్తే తల్లినీ పిల్లాణ్ణీ గడప తొక్కనివ్వరు అంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. వేశాను. పసివాడు ఆకలికి ఏడుస్తుంటే ఎవరు వెయ్యరు?"

ఒకే రొమ్ము తాగినవాళ్ళు తోబుట్టువులు. వాళ్ళకి పెళ్ళంటే అన్నాచెల్లెళ్ళకి చేసినట్టే. జిక్రీలైనా నమాజీలైనా మా అందరికీ ఇది ఒకటే. ఆమె చెయ్యి పట్టుకుని నాజల్ పెద్దమ్మ ఇంటికి లాక్కెళ్ళాను.

పెద్దమ్మ ఖర్జూరాల్లో పుచ్చులు ఏరుతోంది. మాట మొదలవగానే పక్కనున్న ఆడవాళ్ళని బయటికి పంపేసింది. నన్ను పంపబోయింది గానీ నేను కదల్లేదు.

"నాజల్ అక్కా, నువ్వే తెచ్చావు, నువ్వే తీసుకెళ్ళావు. నీకు తెలియంది కాదు," అంది గంజాతూన్.

"తెచ్చాను. కాదన్నానా? కానీ జిక్రీ పాలకి చుట్టరికం ఉండదే. మీ నీళ్ళు తాగకూడదన్నారు, మీ మాంసం తినకూడదన్నారు. మరి పాలు మాత్రం పాలెలా అవుతాయి?"

గంజాతూన్ మెల్లగా, "వాడు బతికాడుగా అక్కా," అంది.

నాజల్ పెద్దమ్మ చేతిలో పళ్ళు జారిపోయాయి. చప్పున ఏడ్చేసింది. "గేటు మూసేస్తారే. నా బిడ్డ మొహం ఇంక నేను చూడను. నేను చచ్చినా అది రావడానికి ఉండదు. ఈ పిల్ల వెళ్తే నా ఇంటి గాలి ఒకటి దాని దగ్గర ఉంటుంది. నీ కాళ్ళు పట్టుకుంటాను, నోరు విప్పకు."

ఆమె ఏడుపు చూసి నాకూ ఏడుపొచ్చింది, ఛీ. గంజాతూన్ లేచి వచ్చేసింది.

గోరింట రోజున గోహర్ కుటుంబం గేటు దాటి వచ్చింది. మగవాళ్ళంతా ముంగిట్లో చాపల మీద కూచున్నారు. ముల్లా ఇద్రీస్ వచ్చాడు, కుర్రాడు, ఎక్కడో పెద్ద మదరసాలో చదివినవాడు. గంజాతూన్ నేరుగా వెళ్ళి ఆయన ముందు నిలబడింది. ఒట్టు తప్పింది. వలయం మధ్య నిలబడి పాట ఎత్తుకునే గొంతుతో, ఊరంతా వినేలా చెప్పింది.

సఖీదాద్ లేచి మీదికొచ్చాడు. "అందర్నీ తరిమేసినా నిన్ను ఊళ్ళో ఉండనిచ్చాం చూడు, అందుకా? నా కూతురి పెళ్ళి చెడగొడతావా?"

"దాని పాలతో పెరిగిన కూతురేరా నీది!" అని నేను అరిచాను.

"జిక్రీ పాలు, అదో లెక్కా!" అన్నాడు గోహర్ మామగారు గడ్డం నిమురుకుంటూ.

ముల్లా చెయ్యెత్తాడు. ఆయన కూడా అదే అంటాడని నేను నోరు సిద్ధం చేసుకున్నాను. కానీ ఆయన, "లెక్కే పెద్దాయనా. ఏ మతం ఆడదాని పాలైనా పాలే. తాగితే తోబుట్టువులే, నికాహ్ చెల్లదు. కానీ ఒక్క మనిషి మాట మీద నేను తీర్పు చెప్పలేను. ఇంకెవరు చూశారు?" అన్నాడు.

"ఆ ఏడాది మేకలెక్కడివో అడగండి! ఊళ్ళో ఒక్క మేక మిగిలిందా?" అన్నాను.

"నువ్వు కళ్ళారా చూశావా అమ్మా?"

చూడలేదు. ముల్లా గోహర్ వైపు తిరిగాడు. ఆమె పక్కనే ఉన్న మామగారిని చూసింది, తల్లిని చూసింది. "నాకు ఒంటి మీద తెలివి లేదు. నాకేం తెలియదు," అని తల దించుకుంది.

"అయితే నాజల్ అవ్వ చెప్పాలి. అనుమానమున్నచోట వదిలేయడం మంచిది. నికాహ్ చదవమంటే మాత్రం ఖురాన్ మీద చెయ్యేసి చెప్పు," అన్నాడు ముల్లా.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నాజల్ పెద్దమ్మ లేచింది. దుర్దానా గది తలుపు దగ్గర గోరింట చేతులు గాల్లో పట్టుకుని నిలబడి ఉంది. పెద్దమ్మ ఆ పిల్లని చూడలేదు. గంజాతూన్‌ని చూడలేదు. గోహర్‌నే చూస్తూ చెయ్యి వేసింది.

"నా మనవడు ఈవిడ పాలు తాగలేదు."

అన్నది. నా చెవులతో విన్నాను. ఆకాశం విరిగి పడుతుందేమోనని చూశాను, ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున నికాహ్ చదివేశారు. ఆ మర్నాటికి పిల్ల ప్రయాణం.

మాలో పెళ్ళికూతురు బయల్దేరే ముందు తల్లి దగ్గరికి వెళ్ళి, తాగిన పాలకి క్షమించమని అడుగుతుంది. "నా పాలు నీకు క్షమించాను" అని తల్లి అన్నాకే గడప దాటుతుంది. అందుకని దుర్దానా వస్తుందని నాకు తెలుసు. నేను గంజాతూన్ ఇంట్లోనే కూచున్నాను. వచ్చింది. నేను కుట్టిన ఎర్రగౌను, చేతులనిండా గోరింట. గోడ దూకలేదు, గుమ్మంలోంచి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"అమ్మా, నిజం చెప్పు. నాన్నమ్మ అబద్ధం చెప్పింది కదూ?"

గంజాతూన్ చాప జరిపి చోటిచ్చింది, ఆ పిల్ల కూచోలేదు.

"అత్త రాత్రి శోహాజ్‌కి చెప్పేసిందట. ఒంట్లో జ్వరమున్నా తనకి తెలుసట. ఆకలితో తీసుకెళ్ళిన బిడ్డ కడుపు నిండి తిరిగొచ్చేదట, వాడి మూతికి నీ వాసన ఉండేదట. వాడు నా మొహం చూడట్లేదమ్మా. నిజమైతే చెప్పు. నేను అటు వెళ్ళను. ఇటు నాన్న నన్ను బతకనివ్వడు. ఏ బావిలోనో పడతాను, అయిపోతుంది."

ఊరికే అనే పిల్ల కాదు. బయట బండి హారన్ కొడుతున్నారు, గేటు వేళ దాటిపోతుందని. గంజాతూన్ ఆ పిల్ల మొహాన్ని తనివితీరా చూసింది. తర్వాత చూపు తిప్పేసుకుంది.

"వాడు తాగాడు. అది నిజమే. నువ్వే తాగలేదు," అంది.

"అదేంటి?"

"నాకున్నవి వాడొక్కడికే చాలేవి కావు. మొగుడూ బిడ్డా పోయిన మనిషికి ఎన్ని పడతాయి? నీకు హెలికాప్టర్ వాళ్ళు పడేసిన పొడిపాలు కలిపి, గుడ్డముక్కతో పిండేదాన్ని."

"ఊరంతా చూసిందిగా అమ్మా, నీ ఒళ్ళో..."

"నీ ఏడుపు ఆపడానికి. ఉత్త రొమ్ము నోట్లో పెట్టేదాన్ని."

"మరి మొన్న అందరి ముందూ ఇద్దరూ తాగారని ఎందుకన్నావు?"

"నువ్వు వెళ్ళిపోతావని. నాకెవరున్నారు?"

దుర్దానా ఒక అడుగు వెనక్కి వేసింది. అలాంటి చూపు ఆ పిల్ల కళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. తర్వాత నా వైపు తిరిగింది. "లాల్‌బీబీ అత్తా, నువ్వు నోట్లో మాట దాచవు. నిజమేనా?"

నా కళ్ళతో చూశాను నేను, ఆ పసిగుడ్డు గుటకలు వెయ్యడం. పాలు గడ్డం మీద కారితే నా కొంగుతోనే తుడిచాను. గంజాతూన్ నన్ను చూడనైనా చూడలేదు, చాప మీది ఆకు ఒకటి తీసి చీలుస్తోంది.

"నిజమే. ఆ డబ్బాలు తెచ్చిచ్చింది నేనే," అన్నాను.

ఆ పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. ఒక్కసారిగా మొహం తేలికపడింది, దాన్ని కూడా చూశాను. "ఇన్నేళ్ళూ అమ్మా అని పిలిపించుకున్నావు," అంది గంజాతూన్‌తో.

"నువ్వు పిలిచావు, నేను పలికాను."

క్షమించమని అడగడానికి ఇంక పాలే లేవు. అడక్కుండానే వెళ్ళిపోయింది. బండి కదిలిన చప్పుడు వినిపించింది. గంజాతూన్ లేచి గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. నేనే కూలబడి, నోరు కొంగుతో నొక్కుకుని ఏడ్చాను. అరవడానికి వీల్లేని ఏడుపు నా జన్మలో అదొక్కటే.

పండగ వెళ్ళగానే గేటు మూసేశారు. నాజల్ పెద్దమ్మ అప్పట్నుంచి ఖురాన్ ఉన్న గదిలోకి వెళ్ళడం లేదు, ముంగిట్లోనే మంచం వేయించుకుంది. ఒకసారి మేక తొడ పంపిస్తే గంజాతూన్ పంపినదాన్ని పంపినట్టే తిప్పి పంపింది. దుర్దానా పెళ్ళయ్యాక పోతానన్న మనిషి ఎక్కడికీ పోలేదు. "నీ వాళ్ళ దగ్గరికి పోరాదటే" అని నేను మళ్ళీ అడగలేదు.

ఈ ఏడు ఖర్జూరాలు పండుతున్న రోజుల్లో నా ఫోన్‌కి దుర్దానా గొంతు వచ్చింది. మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు, దిబ్బ ఎక్కితేనే దొరుకుతుంది. అక్కడే విని, పరుగున దిగొచ్చి గంజాతూన్‌కి వినిపించాను.

"లాల్‌బీబీ అత్తా, నాకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరం బాగున్నాం. శోహాజ్ దాన్ని కింద దింపనివ్వడు. నాకు పాలు పడలేదు అత్తా, డబ్బాపాలు పడుతున్నాం. మా అత్త ఒకటే దిగులు. నేనూ పొడిపాలతోనేగా పెరిగాను, నాకేమైందని చెప్పాను. నాన్నమ్మకి చెప్పు. పక్కింటి గంజాతూన్ అత్తకి కూడా సలాం చెప్పు."

"మళ్ళీ పెట్టు," అంది గంజాతూన్.

పెట్టాను. మళ్ళీ అంది, మళ్ళీ పెట్టాను. ఈసారి నేను ఫోన్ ఆపేశాను. "చాలే! చెప్పేస్తానే నేను. దిబ్బెక్కి ఇప్పుడే చెప్పేస్తాను. నిన్ను పక్కింటి అత్త అంటుందా అది? నీ పాలు తాగిన నోటితో?"

"నీ నోట్లో మన్ను పొయ్య!" అంది గంజాతూన్. ఆమె నన్ను తిట్టడం అదే మొదటిసారి. "దానికి బిడ్డ పుట్టిందే!"

తర్వాత లేచింది. మూలనున్న బిందె, నిండు బిందె, చంకనెత్తుకుని వాగు వైపు నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. కంచె దగ్గర ఆగింది. అవతల ఎవరూ లేరు. బిందె దించకుండా అక్కడే నిలబడింది. నేనూ పక్కన నిలబడ్డాను. నాకు అరవాలని ఉంది, అరిస్తే వినిపించే దూరంలోనే ఉంది దుర్దానా ఉన్న ఊరు.

అరవలేదు.